తోడుగా వచ్చిన అక్కయ్య

మా బావగారి భార్యను నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని. గణపవరం పక్కన పల్లెటూళ్ళో మా రెండు కుటుంబాలవీ పక్కపక్క వాటాలు, పెరడు ఒక్కటే. కొత్తకోడలిగా వచ్చిన నాకు ఆ ఇంట్లో అన్నీ నేర్పింది ఆవిడే. కోతలప్పుడు కూలీలకు వండాలన్నా, చేపలు పట్టే రోజున చెరువు గట్టు మీద తూకం కాటా చూడాలన్నా ఆవిడ ముందు, నేను వెనక.

నలభై దాటాక నాకు నెలసరి క్రమం తప్పింది. భయమేసి తాడేపల్లిగూడెంలో లేడీ డాక్టరు గారికి చూపించుకుందామని బయల్దేరాను. ఆటో ఎక్కేసరికి అక్కయ్య చీర మార్చుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఒక్కదానివే ఏం వెళ్తావే? పద, నేనూ వస్తాను."

డాక్టరు గారు నన్ను చూసి, గర్భసంచి ముఖద్వారం దగ్గర నమూనా తీసి పరీక్షకు పంపుతామన్నారు. క్యాన్సర్ తెచ్చే రకం వైరస్ ఉంటే దాంట్లో ముందే తెలుస్తుందట. తర్వాత అక్కయ్య వైపు తిరిగారు.

"మీరెప్పుడైనా చేయించుకున్నారా అండీ?"

"నాకేం జబ్బు లేదండీ. దీనికి తోడు వచ్చానంతే."

"జబ్బు లేనప్పుడే చేయించుకోవాలమ్మా. ఎలాగూ వచ్చారు కదా."

అక్కయ్య సిగ్గుపడిపోయింది. నేను ముందు లోపలికి వెళ్ళొచ్చి, కాస్త ఇబ్బందే గాని నొప్పేం లేదని చెబితే అప్పుడు లేచింది. ఆవిడ లోపల చాలాసేపే ఉంది. బయటికొచ్చిన డాక్టరు గారి ముఖంలో ఇందాకటి నవ్వు లేదు. తాకగానే రక్తం వచ్చిందనీ, చిన్న ముక్క తీసి ఏలూరు ల్యాబుకి పంపుతున్నాననీ చెప్పారు.

తిరిగి వస్తుంటే అక్కయ్య గొంతు తగ్గించి అంది. "నెలసరి ఆగిపోయి చాన్నాళ్ళయింది కదా. మధ్యలో మళ్ళీ మరక కనిపించేదే. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగేదాన్ని."

"నాతోనైనా చెప్పలేకపోయారా అక్కయ్యా?"

"ఈ వయసులో ఏమని చెప్పను?"

ఒకే దండెం మీద బట్టలు ఆరేసుకునే వాళ్ళం. ఆ మరకల బట్టలు ఆవిడ ఎప్పుడు ఉతుక్కుందో, ఎక్కడ ఆరేసుకుందో నాకు తెలియనే లేదు.

నాకు వైరస్ లేదు, నెలసరి తప్పింది థైరాయిడ్ వల్లనని తేలింది. అక్కయ్యది క్యాన్సర్. అప్పటికే పక్కలకు పాకింది. నా రిపోర్టు బాగుందని విన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడే నా వీపు నిమిరింది. "పోనీలే, నీకేం లేదుగా. పిల్లలు చిన్నవాళ్ళు."

విజయవాడలో కరెంటు పెట్టించాం, అదే రేడియేషన్. ఓ రోజు బావగారు అక్కడి డాక్టరుని అడిగారు. "ఆ వైరస్ మగవాళ్ళ నుంచి ఆడవాళ్ళకు అంటుతుందటగా, నా వల్ల వచ్చిందా అండీ?"

"అది ఎప్పుడు అంటుకుందో ఎవరూ చెప్పలేరండీ. చాలామందికి వచ్చి, దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోయి ఇలా చేస్తుంది. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి."

బావగారు తలూపారు గాని, ఆ తర్వాత భార్య ముఖంలోకి సూటిగా చూడలేకపోయేవారు. ఆవిడకది అర్థమైంది. "ఏవండీ, ఇలా వచ్చి కూర్చోండి," అని పిలిచి మరీ మంచం మీద పక్కన కూర్చోబెట్టుకునేది.

కొన్ని నెలలు తేరుకున్నట్టే కనిపించింది. తర్వాత కాళ్ళు వాచాయి, మూత్రపిండాలు పాడయ్యాయి. ఊడ్పులు జరుగుతుండగా ఒక మధ్యాహ్నం పోయింది.

ఆవిడ కూతుర్ని కైకలూరులో ఇచ్చారు. సంవత్సరీకాలు అయిన మర్నాడు ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"పిన్నీ, నేనూ ఆ పరీక్ష చేయించుకోనా?"

ముప్పై నిండిన పిల్ల. నేనే ఏలూరు తీసుకెళ్ళాను. రిపోర్టులో వైరస్ ఉందని వచ్చింది, ప్రమాదకరమైన రకమే. అయితే లోపల ఇంకా ఏ మార్పూ లేదనీ, క్యాన్సర్ కాదనీ, ఏడాది తిరగ్గానే మళ్ళీ రావాలనీ డాక్టరు ఓపిగ్గా చెప్పారు. పిల్ల అన్నిటికీ తలూపింది. బస్సు ఎక్కేదాకా బాగానే ఉంది.

"అమ్మకి కూడా మొదట్లో ఇంతే ఉండుంటుంది కదా పిన్నీ?"

"ఉండే ఉంటుందమ్మా."

"అప్పుడు చూపించి ఉంటే..." అని ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు సీటులో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఏడవనీ అని నేను ఊరుకున్నాను.