దుమ్ము పిన్ని కోటు

దుమ్ము పిన్ని ఉద్యోగం కొత్త బట్టలు మాపడం. నవ్వకండి. ఊరి చివర స్టూడియోలో కౌబాయ్ సినిమాలు తీసిన రోజులవి. గుర్రాలు దూకించేవాళ్ళూ, కొండ మీంచి దొర్లేవాళ్ళూ ఎందరున్నా, కుట్టుమిషన్ మీంచి అప్పుడే దిగిన చొక్కాతో హీరో ఎడారి దాటొచ్చాడంటే ఎవరు నమ్ముతారు? నమ్మించే పూచీ పిన్నిది. గరుకు కాగితంతో మోచేతులు అరగదీసేది, ఇటుకపొడి అద్దేది, ఉప్పునీళ్ళతో చెమట మరకలు తెప్పించేది. తెర మీద గుర్రాలకు మేత వేసినవాడి పేరు కూడా పడేది గానీ పిన్ని పేరు పడలేదు.

"నా దుమ్ము పడింది, చాలదూ?" అనేది.

అంతటి తల్లి కడుపున పుట్టి కొడుకు లాండ్రీ పెట్టాడు. మరక కనిపిస్తే వాడికి అన్నం సహించదు.

ఇన్నేళ్ళకు ఆ సినిమాలకూ, వాటిని తీసినవాళ్ళకూ గౌరవంగా థియేటర్ వాళ్ళు సభ పెట్టారు. ఆనాటి కెమెరామన్ వస్తున్నాడు. స్టూడియో మూసినప్పుడు పిన్నికి ఇచ్చేసిన హీరో పొడుగు కోటును హాల్లో అందరికీ చూపిస్తామన్నారు. తన పనిని జనం దగ్గరగా చూడబోతున్నారని పిన్నికి కాలు నేల మీద నిలవలేదు.

సభ రోజు పొద్దున్నే కొడుకు మురిసిపోతూ కోటు తెచ్చి పరిచాడు. తళతళలాడుతోంది.

"ఏంట్రా ఇది?"

"మరక ఒక్కటి లేదమ్మా! నలుగురిలో నీ పరువు నిలబడాలని నేనే ఉతికి ఇస్త్రీ చేశా."

పిన్ని నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. అవన్నీ అయ్యాక కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అది మురికి కాదురా. నా పని."

కొడుకు మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, "మళ్ళీ చెయ్యమ్మా. ఏం కావాలో చెప్పు, తెస్తా," అన్నాడు.

సాయంత్రం దాకా లాండ్రీ బల్ల మీదే పని. కొడుకు ఇటుక నూరాడు, తల్లి అద్దింది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నోరెళ్ళబెట్టారు. భుజం మీద ఏటవాలుగా ఒక చార శుభ్రంగా మిగిలిపోయిందని కొడుకు అక్కడా పొడి పూయబోతే, పిన్ని వాడి చేతి మీద ఒక్కటేసింది.

"అక్కడ తుపాకీ పట్టీ ఉంటుంది. దాని కిందకి దుమ్మెలా పోతుందిరా?"

హాల్లో ముసలి కెమెరామన్ కళ్ళజోడు సర్దుకుని కోటు మీదికి వంగాడు. ఆ చార వెంట వేలు నడిపాడు.

"అదే కోటు! ఇన్నాళ్ళూ ఉతక్కుండా ఎలా కాపాడారమ్మా?"

నవ్వి ఊరుకుంటే సరిపోయేది. పిన్ని నోరు తెరిచేలోపు కొడుకు ముందుకొచ్చాడు.

"నేను ఉతికేశానండీ. ఇదంతా మా అమ్మ ఇవాళ మళ్ళీ పట్టించింది," అని చేతులు చాపాడు. గోళ్ళ నిండా ఇటుకపొడి. గొంతు నిండా గర్వం.

కెమెరామన్ పకపకా నవ్వి, ఫోటో తీసేవాణ్ణి కేకేసి, పిన్నిని కోటు పక్కన నిలబెట్టాడు. కొడుకు పక్కకు తప్పుకోబోతే పిన్ని రెక్క పట్టి లాగింది.

"ఎక్కడికిరా? నువ్వూ నిలబడు. ఆ చేతులు మాత్రం కడుక్కోకు."