నలభై రెండు రోజుల మడమ లెక్క

నలభై రెండు రోజులు, ఒక్కరోజు కూడా తప్పకుండా, ఎర్ర సిరాతో గీతలు గీసి మరీ నన్ను నేను మోసం చేసుకున్న వైనం ఇది. దానివల్ల ఒక పాపం ఎరుగని క్లినిక్ పరువు, పన్నెండేళ్ల నా కొలువు ఒకే పూటలో మూసీలో కలవబోయాయి. నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం మూడేళ్లు గడిచినా ఆ నోటుపుస్తకం కనిపిస్తే ఒళ్లు మండుతుంది.

గచ్చిబౌలిలో ఒక ఐటీ క్యాంపస్ ఫుడ్‌కోర్టులో ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని నేను. చదువు పదో తరగతితో ఆగింది కానీ లెక్క ఆగలేదు. సోమవారం పొద్దున గేటు దగ్గర ఎన్ని ఆఫీసు బస్సులు ఆగాయో చూసి ఆ రోజుకి ఎన్ని ఇడ్లీలు వేయాలో చెప్పేస్తాను. వాన పడితే బజ్జీలు ఎంత పెరుగుతాయో, పెద్ద మీటింగు ఉన్న రోజు పెరుగన్నం ఎంత మిగులుతుందో నాకు తెలుసు. ఎవరూ నేర్పలేదు. చూసి, రాసుకుని, కూడి, భాగించి నేనే నేర్చుకున్నాను. ఆ పొగరే నన్ను ముంచింది.

అప్పటికి ఏడాదిన్నరగా నాకు కుడి మడమ నొప్పి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఒళ్లంతా ఒక దారి, నా మడమది ఒక దారి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే అట్లకాడ నిలువుగా దిగినట్టు ఉండేది. దానికంటే బాధ సలహాలు. వేడి ఇటుక తొక్కమని ఒకరు, సీసా దొర్లించమని ఒకరు, బరువు తగ్గమని ఇంకొకరు. ఆ చివరి సలహా ఇచ్చినావిడ మూడో పూరీ తింటూ ఇచ్చింది. నా చేతిలో గరిటె లేకపోవడం ఆవిడ అదృష్టం.

అసలు కోపం మాత్రం మా మేనేజరు కిరణ్ గారి మీద. గుంటూరు మనిషి. మాట ఎంత మెత్తనో దెబ్బ అంత గట్టి.

"అనసూయ గారూ, మీరు కుంటుతుంటే చూడలేకపోతున్నామండి. కూపన్ కౌంటర్లో కుర్చీ ఖాళీగానే ఉంది. హాయిగా కూర్చోండి."

"నేను కూసుంటే వంటకాడ ఎవరు చూస్తరు సార్?"

"కెమెరాలున్నాయి కదండి."

"కెమెరాకి సాంబారు పులిసిన వాసన వస్తదా?"

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. పన్నెండేళ్లు తిరిగి తిరిగి సంపాదించుకున్న ఫ్లోర్ అది. దాన్ని వదిలి రోజంతా కూపన్లు చింపడమంటే, నా మట్టుకు బతికుండగానే దండేసిన పటమై గోడకి వేలాడటమే.

"రెండు నెలలు చూద్దామండి. తగ్గితే సరే, లేకపోతే కుర్చీ" అన్నారు కిరణ్ గారు.

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. అరికాలి కింద పొర వాచిందన్నాడు. "పొద్దున లేవగానే మొదటి అడుగు నొప్పి, అదే దీని గుర్తు. పిక్కలు సాగదీసే వ్యాయామం చెయ్యండి. బూట్లలో పాదం కింద రెడీమేడ్ అట్టలు పెట్టుకోండి. దానితో తగ్గకపోతే మీ పాదం అచ్చు తీసి కస్టమ్ అట్టలు చేయించుకోవచ్చు" అన్నాడు.

వేరే మనిషైతే 'సరే' అని ఇంటికి వెళ్లేది. నేను నోటుపుస్తకం కొన్నాను. మొదటి అడుగే జబ్బు గుర్తయితే కొలవాల్సింది మొదటి అడుగునే. రోజూ ఒకే వేళకి, ఒకేచోట, నొప్పి పదికి ఎంతో రాయాలి. రెడీమేడ్ అట్టలకి ఇరవై ఒక్క రోజులు, కస్టమ్ అట్టలకి ఇరవై ఒక్క రోజులు. ఏది గెలిస్తే దానిదే నా కాలు. ఇంత నిక్కచ్చి పరీక్ష ఆ క్యాంపస్‌లో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు కూడా పెట్టి ఉండరని మురిసిపోయాను.

మా ఆయన సత్తయ్య ఏసీలు బాగుచేస్తాడు. ఆయనకి పరీక్షలంటే గౌరవం లేదు.

"ఏందే, మంచం దిగుతనే పుస్తకం తీస్తున్నవ్? దేవునికి దండం గిట్ల పెట్టవా?"

"ఆగవయ్యా, నంబరు మర్చిపోత."

"ఎంత?"

"ఏడు."

"నిన్న?"

"ఏడు."

"నిన్నటిది సూసి రాసుకుంటే అయిపాయె గద, లేచుడెందుకు?"

రెడీమేడ్ అట్టల కాలం ముగిసింది. సగటు ఏడు. కొండాపూర్ వైపు ఒక భవనం నాలుగో అంతస్తులో పాదాల క్లినిక్ ఉందంటే వెళ్లాను. అక్కడ గ్రేస్ అని ఒక థెరపిస్టు, పాతికేళ్లమ్మాయి, కాకినాడ నుంచి వచ్చింది. మెత్తటి నురుగు పెట్టెలో నా పాదం దిగేలా నొక్కించి అచ్చు తీసింది. ధర విన్నాక నొప్పి మడమ నుంచి గుండెకి మారింది. అయినా చేయించుకున్నాను.

మళ్లీ ఇరవై ఒక్క రోజులు. ఏడు, ఏడు, ఏడున్నర, ఏడు. కాలికి వేస్తే మెడకి, మెడకి వేస్తే కాలికి అన్నట్టు వాదించడానికి కూడా సందు లేదు. సగటు మళ్లీ ఏడే!

నలభై రెండో రోజు పొద్దున అరికాలి మంట నెత్తికెక్కింది. నా విషయంలో ఇది సామెత కాదు, వైద్య నివేదిక. తిన్నగా కిరణ్ గారి గదికి వెళ్లి, కుర్చీకి ఒప్పుకుంటున్నానని కాగితం రాసి, దానికి నా పట్టిక జతచేసి ఇచ్చాను.

"ఎంత శుభ్రంగా వేశారండి టేబులు!" అన్నారాయన. "సోమవారం నుంచి కొత్త మనిషిని ఫ్లోర్‌లోకి పిలిచేస్తానండి."

నా మెడకి ఉరితాడు నేనే పేని, ముడి ఎంత సమంగా వచ్చిందో చూడండని మెప్పు పొందడమంటే అదే. ఆ మండే కడుపుతో పూట సెలవు పెట్టి క్లినిక్‌కి బయల్దేరాను. అక్కడ లిఫ్టు చెడిపోయింది. అదీ మంటలో నూనే. దబదబా మెట్లెక్కాను.

లోపల బల్ల మీద ఒక కుర్రాడు కూర్చున్నాడు. ముప్పై ఉంటాయేమో. ఒళ్లో లాప్‌టాప్, ఒక కాలికి బూటు, రెండో కాలు నురుగు పెట్టె మీద సిద్ధంగా ఉంది.

"బాబూ, ఆ కాలు తియ్యి" అన్నాను. "ఈడ పెట్టకు."

ఉలిక్కిపడి తీశాడు. "ఏమైంది మేడమ్? పని చేయవా?"

"నా దగ్గర డేటా ఉంది."

ఆ మాట వినగానే ఆ పిల్లవాడి మొహంలో భక్తి కనిపించింది. "ఎన్ని రోజులది?"

"నలభై రెండు."

అతను వెంటనే రెండో బూటు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. ఇంతలో గ్రేస్ లోపలి గదిలోంచి నవ్వుతూ వచ్చింది.

"రండి ఆంటీ! కాలు ఎలా ఉందండి?"

"ఎట్లుంటది? ఏడు! నీ అట్టలు రాకముందు ఏడు, వచ్చినంక ఏడు! గింత ఖరీదు పెట్టి ఏడు కొనుక్కుంటరా ఎవరన్న?"

నోటుపుస్తకం ఆమె చేతిలో పెట్టాను. ఆ పిల్ల గొంతు పెంచితే నాకూ ఊపు వచ్చేది. పెంచలేదు. ప్రతి పేజీ ఓపిగ్గా తిప్పింది. నాకింకా మండింది.

"చాలా బాగా రాశారు ఆంటీ. రోజూ ఐదున్నరకేనా అండి?"

"ఐదున్నరకే. మంచం దిగి మొదటడుగు. నిమిషం అటిటు లేదు."

"అప్పుడు కాళ్లకి ఏముంటాయండి?"

"ఏముంటయ్? మెట్టెలు."

"అట్టలో?"

"బూట్లల్ల."

"బూట్లు?"

"గడప బయట, స్టాండు మీద. ఇంట్లకి బూట్లెట్ల తెస్తరమ్మ? నువ్వు తెస్తవా మీ ఇంట్లకి?"

"తేనండి" అంది గ్రేస్ చాలా మర్యాదగా.

బూటు లేసు కట్టుకుంటున్న కుర్రాడి చేతులు ఆగిపోయాయి. "అంటే మేడమ్... మీరు కొలిచిన టైమ్‌లో ఆ అట్టలు అసలు కాలి కింద లేవా?"

లేవు నాయనా. నొప్పి మంచం పక్కన, మందు గడప బయట. సాయంత్రం ఇంటికి రాగానే బూట్లు విప్పి, పడుకునేదాకా నాలుగు గంటలు గ్రానైటు బండల మీద ఉత్తకాళ్లతో వంట, గిన్నెలు, బట్టలు. పొద్దున లేచి మళ్లీ అదే బండ మీద అడుగు. నలభై రెండు రోజులు నేను కొలిచింది అట్టల్ని కాదు, మా బోరబండ ఇంటి బండల్ని!

"ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోమని మొదటిరోజే చెప్పాను కదండీ" అంది గ్రేస్.

"చెప్పినవ్."

"మీరు సరే అన్నారండి."

అన్నాను. ఫోన్లో లోన్ కావాలా అని అడిగేవాళ్లకి మనం అనే 'సరే' ఉంటుంది చూశారా, అది అన్నాను. ఇంట్లో చెప్పులేసుకుని తిరగమనే మాటని నా చెవి గడప దాటనివ్వలేదు.

"పోనీ డ్యూటీలో, మధ్యాహ్నం పూట నొప్పి ఎంతుంటుందండి?"

"మధ్యాహ్నంది రాయలే."

"రాయకపోయినా ఉందాండి?"

మూడింటికి బియ్యం బస్తా మీద కూలబడి కాలు పిసుక్కోవడం ఎప్పుడు మానేశానో గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. పదిహేను రోజులు దాటిందేమో. గ్రేస్ నెమ్మదిగా ఇంకో ప్రశ్న వేసింది.

"లిఫ్టు పాడైంది కదండీ, పైకి ఎలా వచ్చారు?"

"మెట్లెక్కి."

"నాలుగంతస్తులూనా? మధ్యలో ఆగారా?"

"ఎందుకాగుత? కోపం మీద ఉన్న!"

"మరి మడమ?"

"యాదికి రాలే" అన్నాను. ఆ రెండు ముక్కలు చెప్పడానికి పట్టిన కష్టం నాకు మెట్లెక్కడానికి పట్టలేదు.

ఆడలేక మద్దెల ఓడు అన్న మనిషికైనా ఎదురుగా మద్దెల ఉండి ఉంటుంది. నేను మద్దెలని గడప బయట వదిలేసి వచ్చి, అది మోగలేదని పోట్లాటకి దిగాను. అయినా లెక్క తేల్చకుండా కదిలే రకాన్ని కాను కదా.

"అయితే ఈ కస్టమ్ అట్టలు పనిచేసినట్టేనా బిడ్డా?"

"చేసి ఉండొచ్చండి. రెడీమేడ్‌వి కూడా సరిపోయేవేమో. చాలామందికి అవే సరిపోతాయి. వ్యాయామం వల్ల తగ్గి ఉండొచ్చు, రోజులు గడిచి కూడా తగ్గి ఉండొచ్చు. మీ పుస్తకం చూస్తే మాత్రం తెలియదండి."

అట్టలు అమ్మడానికి కూర్చున్న పిల్ల అంత నిజం చెప్పేసరికి, నా కోపానికి నిలబడటానికి జాగా లేకుండా పోయింది. ఆ కుర్రాడు మాత్రం మళ్లీ బూటు విప్పాడు. "నేను ముందు రెడీమేడ్‌వే ట్రై చేస్తానండీ" అన్నాడు గ్రేస్‌తో. నా పరిశోధన వల్ల బాగుపడిన ఏకైక మానవుడు అతనే.

అక్కడి నుంచి ఆటోలో గచ్చిబౌలి వచ్చిపడ్డాను. కిరణ్ గారు ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్నారు.

"సార్, ఆ కొత్త మనిషికి చెప్పకండి. కాగితం వాపస్ ఇయ్యండి. లెక్క తప్పింది."

"ఎవరి లెక్కండి?"

"నాదే."

పన్నెండేళ్లలో నా నోట రాని మాట. ఆయన గాభరాపడి మంచినీళ్ల గ్లాసు అందించారు. "ఒంట్లో బాగానే ఉందాండి?" అని రెండుసార్లు అడిగి, నెల రోజులు గడువిచ్చారు. కాగితం మాత్రం చింపలేదు, సొరుగులో పెట్టి తాళం వేశారు. గుంటూరు మనిషని ముందే చెప్పాను కదా.

ఆ సాయంత్రం మెత్తటి చెప్పులు కొని, వేసుకుని, గడప లోపలికి అడుగుపెట్టాను. సత్తయ్య కాళ్లవైపు చూశాడు, దేవుడి పటాలవైపు చూశాడు, మళ్లీ కాళ్లవైపు చూశాడు.

"ఇరవయ్యేండ్ల సంది నన్ను గడపల్నే నిలవెట్టి తిడితివి గదనే?"

"ఇవి చెప్పులు కావు. మందు."

"మందైతే పూటకొక గోలీ మింగు, గట్ల టపటపమని తిరుగుడేంది?"

నెల తిరిగేసరికి మొదటి అడుగు మూడుకి దిగింది. కుర్చీ ఇంకొకరికి వెళ్లింది. ఫ్లోర్ నాకే మిగిలింది. ఇప్పుడు క్యాంపస్‌లో ఎవరికి మడమ నొప్పి వచ్చినా నా దగ్గరికే పంపుతారు. "కస్టమ్ అట్టలకి అంత పెట్టడం దండగా, పండగా?" అని అడుగుతారు. నలభై రెండు రోజుల లెక్కలున్న మనిషిని, తల వంచుకుని "నాకేం ఎర్కనయ్యా" అనాల్సి వస్తుంది. నాకు కోపం రాదా మరి?

కాబట్టి ఇందుమూలంగా, మడమ సాక్షిగా, నా పది వేళ్లూ రెండు మెట్టెలూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట మందు గడప బయటా మనిషి గడప లోపలా ఉండగా ఏ రోగాన్నీ కొలవను. కొలిచినా ఎర్ర సిరాతో రాయను. రాసినా మేనేజరుకి మాత్రం చచ్చినా జతచేసి ఇవ్వను.