బత్తాయి తొక్క

ఎనభైల చివర ఒక మధ్యాహ్నం, మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే బస్సులో, పదో తరగతి చదివే నా కూతురికి గోళం ఉపరితల వైశాల్యం చెబుతున్నాను. నేను లెక్కల మాస్టారిని.

"గోళాన్ని సగానికి కోస్తే వచ్చే వృత్తానికి సరిగ్గ నాలుగు రెట్లే ఎందుకైతది నాయినా?" అని అది మళ్లీ అడిగింది.

"సూత్రం అంతే. బట్టీ పట్టు," అని కసిరాను.

ముందు సీట్లో బత్తాయిల గంపతో కూర్చున్న ఒకామె వెనక్కి తిరిగింది. ఓ కాయను సగానికి కోసి, కోసిన ముఖాన్ని నా చేతిలోని పేపరు మీద నాలుగుసార్లు అద్దింది. నాలుగు తడి వృత్తాలు పడ్డాయి. తొక్కంతా వలిచి, తుంచి, వాటిలో పరిచింది. నాలుగూ నిండాయి. తొక్క అయిపోయింది.

"సున్నిపిండికి తొక్కలు పరిచి ఎండబెడ్త గద బిడ్డా. ఏ కాయయినా గింతే," అంది.

"ఇప్పుడు సమజైంది!" అని నా కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. నా పాఠం విని దాని ముఖం ఎన్నడూ అలా వెలగలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఇది ఉజ్జాయింపే," అన్నాను. ఇద్దరూ వినిపించుకోలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏటా క్లాసుకు ఒక బత్తాయి తీసుకెళ్లాను. "మీకెవరు నేర్పిన్రు సార్?" అని పిల్లలు అడిగితే, నేనే కనిపెట్టానని చెప్పేవాణ్ణి.