కొట్టం చూరులో సత్తు గ్లాసు

మా చిన్నప్పుడు... అంటే మా చెల్లెలు వాణి చిన్నప్పుడు. తొంభైల చివర. ఇంటికి పెద్దదాన్ని కాబట్టి నేను అప్పటికే పెద్దదాన్నయిపోయాను. ఇరవై దాటాయి.

యాడికి మండలంలో మా ఊరు. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. శనక్కాయ చేను నిలువునా ఎండింది. పశువుల మేతకన్నా వస్తుందని నాయన పీకిస్తున్నాడు. కూలికి వచ్చిన మరియమ్మ చెట్లు పీకుతూ దేవుడి పాట పాడుతోంది...

నాకు ఒళ్ళు మండింది. "ఏం పండిందని పాడతాండావు మరియమ్మా?" అన్నాను.

ఆమె వంచిన నడుము ఎత్తలేదు. "పండితేనే పాడల్లంటే, మన పక్క నోరు తెరిచే పనే ల్యాదమ్మా."

ఆ మాట నన్ను వదల్లేదు. ఆదివారం ఊరి చివర, మరియమ్మ వాళ్ళ ఎస్సీ కాలనీకి నడిచి వెళ్ళాను. బండలు కప్పిన ఒక్క గది. అదే చర్చి. నన్ను చూడగానే పాట ఆగిపోయింది. ఎవరో కుర్చీ కోసం పరుగెత్తారు. నేను వెళ్ళి నేల మీద మరియమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె జరిగింది. నేనూ జరిగాను. ఆమె మళ్ళీ జరిగింది... గోడ వచ్చేసింది.

"ఇంగ జరుగు, సూద్దాం" అన్నాను. అందరూ నవ్వేశారు. పాట మళ్ళీ మొదలైంది.

మరుసటి ఏడు బాప్తిస్మం తీసుకున్నాను. చెరువులో చుక్క లేదు. ఒక తోటలో, బోరు కింద సిమెంటు తొట్టిలో మునిగాను.

ఆ ఆదివారమే ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే రోజు. అందరికీ ఒకటే గిన్నె. పాస్టరు అయ్యగారు దాన్ని ముందు నా దగ్గరికే తెచ్చారు. ఊరి ఆచారం చర్చిలోకీ వచ్చి కూర్చుంది మరి... పెద్దింటి పిల్ల వాళ్ళ ఎంగిలి ఎట్లా తాగుతుంది?

"నాకు అందరి తర్వాత ఇయ్యండి" అన్నాను.

గిన్నె అందరి పెదవులూ తాకి చివరికి నా దగ్గరికి వచ్చింది. తాగాను.

నేను ఇల్లు చేరేలోపే కబురు చేరింది.

"వాళ్ళ ఎంగిలి తాగినావంట?" అన్నాడు నాయన.

"తాగినా నాయనా."

"రచ్చకట్ట కాడ కూచుంటే, 'ఏమప్పా, మీ బిడ్డ కాలనీలో పూజారయిందంట' అని నవ్వుతాండారు. ఇంగ ఈ గడప తొక్కొద్దు. చర్చి మానుకున్న పొద్దు లోపలికి రా."

మా పశువుల కొట్టం చూరులో, కాలనీ కూలివాళ్ళ కోసం వేరేగా సత్తు గ్లాసు ఒకటి దోపి ఉండేది. ఇకమీదట నాకూ అదే అన్నాడు. నా మంచం, నా బైబిలు, నేను కొట్టంలోకి మారాం. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ అన్నం అక్కడికే తెచ్చేది.

చర్చి మానలేదు. సంబంధాలు రావడం ఆగిపోయింది... ఆగనీ.

నాయన నన్ను శిక్షించాననుకున్నాడు. నిజానికి నన్ను తీసుకెళ్ళి నా సంఘం మధ్యలో కూర్చోబెట్టాడు. విత్తనానికి శనక్కాయలు ఒలిచే రోజుల్లో, మధ్యాహ్నాలు ఆ చూరు కింద ఆడవాళ్ళం నలుగురం చేరేవాళ్ళం. నా వాటా కాయలు వాళ్ళు ఒలిచేవారు, నేను వాక్యం చదివేదాన్ని. మరియమ్మ ప్రార్థన దేవుడితో జగడంలా ఉండేది. "వాన ఇయ్యకపోతే మాన్లే, ఓర్పన్నా ఇయ్యి తండ్రీ!" ఆమెన్ అన్నాక ఆ ఒక్క గ్లాసు చేతులు మారేది. ఎవరమూ ఎత్తి పోసుకునేవాళ్ళం కాదు. మరియమ్మను పెద్దమ్మా అని పిలవడం అప్పుడే మొదలుపెట్టాను.

ఒకరోజు వాణి బడి నుంచి వచ్చి, మా చేతుల్లోంచి గ్లాసు లాక్కుని, మూతి పెట్టి గటగటా తాగేసింది. నాయన వాకిట్లోనే ఉన్నాడు.

"ఏయ్, పారెయ్యే దాన్ని!"

వాణి మూతి తుడుచుకుంది. "తాగేసినా గదా నాయనా. నాకూ ఒకటి చూరులో పెట్టు."

"మీకు ఎన్ని గ్లాసులు పెట్టల్లనే నేను!" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు గ్లాసు చూరులో లేదు. అమ్మ దాన్ని బూడిదతో తోమి, వంటింట్లో మిగతావాటి పక్కన బోర్లించింది. "మీ నాయనే పెట్టమన్నాడు. చర్చికి పోతే పోనీ అన్నాడు. లోపలికి రామ్మా" అంది.

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట. గడప దాటి వంటింట్లోకి వెళ్ళాను... కిటికీలోంచి కొట్టం కనిపించింది. మరియమ్మ పెద్దమ్మ దోసిలి పట్టి నిలబడి ఉంది, ఎవరైనా నీళ్ళు పోస్తారని.

గ్లాసు లోపలికి వచ్చింది. ఆమె రాలేదు.

గ్లాసు తీసుకుని బయటికి వచ్చేశాను. పెద్దమ్మకు నీళ్ళిచ్చి, వాకిట్లోంచి నాయన చూస్తుండగానే మళ్ళీ చూరులో దోపాను.

"పెద్దమ్మ లోపల కూచోని తాగిన పొద్దు నేనూ వస్తా నాయనా."

"ఎంత మొండిదానివే నువ్వు!"

"నీ బిడ్డనే గదా."

పోయేదాకా నాయన తన మాట మీదే ఉన్నాడు. నేను నా మాట మీదే ఉన్నాను. బాధ లేదని చెప్పను... తప్పు చేశానని మాత్రం చెప్పను.

ఇప్పుడు పెద్దమ్మ కూడా లేదు. చర్చికి సిమెంటు కప్పు వచ్చింది, మైకు వచ్చింది. ప్రభువు బల్లకు ఎవరికి వారికి వేలెడంత ప్లాస్టిక్ కప్పు. శుభ్రమట. కావచ్చు... నా చెయ్యి మాత్రం ఇంకా ఆ పాత గిన్నెనే వెతుక్కుంటుంది.

సత్తు గ్లాసు నా దగ్గరే ఉంది. నీళ్ళు దాంతోనే తాగుతాను. ఇంటికి ఎవరొచ్చినా దాంతోనే ఇస్తాను.

మీ ఇంట్లో ఆ వేరే గ్లాసు ఎక్కడ దోపి ఉండేది? లేదనకండి... గుర్తు తెచ్చుకుని చెప్పండి.