గొలుసు తెగని మధ్యాహ్నం

మా అమ్మ సమాధి సాక్షిగా, రోజూ తెరిచే బైబిలు సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నవ్వకండి. ఉదయగిరి కోటను మా తాత భుజంతో నెట్టి పక్కకు జరిపాడని ఊరందరినీ నమ్మించబోయినవాణ్ణి నేనే. కానీ ఏళ్ల తరబడి గుండెల మీద బండలా ఉన్న ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో వాన మొహం చాటేసింది. జొన్న చేలోనే మాడింది. టీ అంగడి దగ్గర ఒక పెద్దరైతు నన్ను ఆపి, "ఏందిరా, దొరలు ఓడెక్కి పోయినారు గదా, మీ దేవుడింకా ఈడే ఉండాడా?" అన్నాడు.

"ఉండాడు పెదనాయనా. దొరలకు టిక్కెట్టు తీసిచ్చిందే ఆయన."

అందరూ నవ్వారు. నాకు మాత్రం గుచ్చుకుంది.

ఆ ఆదివారం మా పాస్టరయ్య అన్నాడు: "దేశం మనది. ఢిల్లీలో ఎంత పెద్దోళ్లుండినా ఆకాశం తాళంచెవి వాళ్ల కాడ లేదు. అది ఉండేవాణ్ణే అడుగుదాం." ఉపవాసంతో గొలుసు ప్రార్థన మొదలైంది. ఒకరు మోకాళ్ల మీద ఉండగానే ఇంకొకరు వచ్చి పక్కన మోకరించాలి. అప్పుడే మొదటివాళ్లు లేవాలి. వాన పడేదాకా మా ప్రార్థన గుడిలో పరిచిన చాప ఖాళీ కాకూడదు.

మా సంఘంలోనే ఉన్న సుందరమ్మక్కకు మాత్రం వంతు లేదు. జ్వరంతో కొట్టుకుంటున్న బిడ్డకు తాయెత్తు కట్టించిందని ఆమెను ప్రభు బల్లకు దూరం పెట్టారు. రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారాల్లో ఆమె గడప బయట కూర్చునేది.

నా వంతు మధ్యాహ్నం నుంచి దీపాలవేళ దాకా. ముందరి మనిషి లేచి వెళ్లాడు. నేనొక్కణ్ణే. కడుపు కాలుతోంది. బయట ఆత్మకూరు బస్సు హారను కొట్టింది. అక్కడ కొత్త హోటల్లో పూరీలు వేస్తున్నారని విని ఉన్నాను. లేచాను.

దేశం కోసం మోకరించినవాడు పూరీ కోసం లేచాడంటే ఏమనాలి? దేవుణ్ణి నమ్మలేదా? నమ్మాను. నేను లేకపోయినా ఆయన ఉంటాడులే అనుకున్నాను. దాన్ని విశ్వాసమనాలో, ఒళ్లు బలుపనాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

దీపాలవేళకు బస్సు దిగి పరుగున గుళ్లోకి వెళ్లాను. నా చాప మీద సుందరమ్మక్క.

"అక్కా, నువ్వెప్పుడొచ్చినావు?"

"నువ్వు గడప దాటంగనే. బస్సెక్కడం ఈణ్ణించే చూసినాలే. ముందు మూతి తుడుచుకోరా, నూనె మెరుస్తా ఉండాది." మళ్లీ అంది: "గొలుసు తెగలేదు, అది చాలు. నా పేరు చెప్పబాక. నాకు వాన కావాల, పేరు కాదు."

నేను పక్కన మోకరించాక ఆమె లేచి వెళ్లింది. నా తర్వాతివాడు గడప దాటుతుండగా కొండ మీద ఉరిమింది.

అబ్బ, ఏం వాన! జనం వీధుల్లోకి వచ్చి నోళ్లు తెరిచి నిలబడ్డారు. ముసలివాళ్లు బురదలో గెంతారు. చెరువు పొంగి చేపపిల్లలు గుడి మెట్లెక్కాయి. పెద్దరైతు నిలువునా తడిసి మా చూరు కిందికి వచ్చి, "ఉండాడురా, ఈడే ఉండాడు!" అని అరిచాడు. పాస్టరయ్య నన్ను కావిలించుకుని, "నీ వంతులో విన్నాడురా దేవుడు" అన్నాడు. మెడలో దండ వేశారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

తర్వాత ప్రతి బల్ల ఆదివారం ఆమె గడప బయటే. నేను లోపల, ముందు వరసలో. ఒక్క మాటతో ఆమెను గడప దాటించగలిగేవాణ్ణి. ఎందుకు చెప్పలేదు? దండ కోసమా? అంతే.

పోయిన కోతపండుగకు ముందు ఆమె కన్నుమూసింది. ఇప్పుడామె పరలోకంలో కూర్చున్న బల్లకు మా పాస్టరయ్య కాపలా లేడు. దేశానికి దీవెన ఇవ్వమని ఊరంతా అడిగాం. మేం బయట కూర్చోబెట్టిన మనిషి నోట దేవుడు దాన్ని రప్పించాడు. ఆ సంగతి తలచుకుంటే సిగ్గుతో పాటు కేక వెయ్యాలనిపిస్తుంది, హల్లెలూయా అని.

ప్రతి మాటా నిజమన్నాను. వాన నిజం. పూరీలు నిజం. ఒట్టు, చేపపిల్లలు కూడా నిజం. "నా పేరు చెప్పబాక" అన్నది మాత్రం నా కల్పన. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది. ఆమె అన్నది వేరు: "పాస్టరయ్యకు చెప్పరా, నన్ను లోపలికి రానిస్తాడేమో."

"సరేనక్కా" అన్నాను.

ఇదిగో, ఇప్పటికి చెప్పాను.