పదిహేడో వంతెన

మధ్యాహ్నం రెండుంబావుకు అప్‌డేట్ పూర్తయిందని తెర మీద వచ్చింది.

పాత వీడియో గేములు ఆడుకునే చౌక యంత్రం అది, అరచేతిలో పడుతుంది. నా భార్య కొనుక్కుంది. సిద్దిపేటలో మాది దుబ్బాక తువ్వాళ్ల దుకాణం. రోజూ రెండింటికి షట్టర్ సగం దించి అన్నం తినేవాళ్లం. తిన్నాక ఆమె అరగంట ఆడేది. ఒక చిన్న మనిషి వంతెనలు దాటుతూ పోయే ఆట. పదిహేడో వంతెన మీద నెలల తరబడి పడిపోతూనే ఉండేది. నేను ఆడి దాటిస్తానంటే ఒప్పుకునేది కాదు.

"నా ఆటల చెయ్యి పెట్టినవంటే రేపటి సంది సద్ది నువ్వే కట్టుకోవాలె."

"నువ్వు దాటేదాక నేను ముసలోణ్ణయిత."

"ఇప్పుడేమన్న పోరగానివా?"

చివరిసారి దవాఖానకు పోయేరోజు ఆటను సేవ్ చేసి, "వచ్చినంక దాటుత" అని గల్లాపెట్టె పక్కన పెట్టింది. తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఏడాదికి పైగా రెండింటికి షట్టర్ సగం దించి, ఆట తెరిచి, ఆమె ఆపిన చోటు చూసి మూసేసేవాణ్ణి. ఆడలేదు. ఈమధ్య యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతోంది. దాన్ని నడిపే లోపలి ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, మారిస్తే బాగవుతుందని ఒక వీడియోలో చెప్పారు. ముందు మెమొరీ కార్డు కాపీ తీసుకోమని కూడా చెప్పారు. ఆటలు ఎలాగూ మళ్లీ వస్తాయి, ఆమె ఆగిన చోటు యంత్రంలోనే ఉంటుందనుకుని కాపీ తీయలేదు. కొత్త సరుకు వస్తే అర మొత్తం ఖాళీ చేసి, తుడిచి, తర్వాతే సర్దడం మా దుకాణం పద్ధతి. కార్డునూ అలాగే తుడిచాను.

ఆట తెరిస్తే మొదటి వంతెన వచ్చింది.

ఫోన్లు బాగుచేసే అతని దగ్గరికి తీసుకుపోయాను.

"సేవ్ చేసింది గా కార్డులనే ఉంటది సేటు. ఫార్మాట్ కొట్టినవా?"

"కొట్టిన."

"దాని మీద కొత్తది ఎక్కిచ్చినవా?"

"ఎక్కిచ్చిన."

"ఇగ రాదు. ఫికర్ చెయ్యకు, పదివేల ఆటలు ఏసిస్త."

అతని తప్పేమీ లేదు. ఆమె చీరలు పంచేసినందుకు చుట్టాలతో నేను ఏడాదిగా మాట్లాడడం లేదు. వాళ్లు చీరలే పంచారు. నేను చేసింది వాళ్లకు చెప్పలేదు.

యంత్రం ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. కూర్చుని ఆడితే నేనూ పదిహేడో వంతెన చేరుకుంటానేమో. అది నేను చేరిన చోటు అవుతుంది.

మా దుకాణంలో మధ్యాహ్నం షట్టర్ దించడం లేదు.