గొంతులు కాసే సర్వరమ్మ

ఆఫీసులో ఆమెను అందరూ సర్వరమ్మ అంటారు. ఇంట్లోవాళ్లకు మాత్రం ఆ ఉద్యోగమేమిటో చాలాకాలం అంతుపట్టలేదు. "మా కోడలు సర్వర్లను చూసుకుంటుంది" అని అత్తగారు పక్కింటావిడతో గొప్పగా చెబితే, ఆవిడ "ఏ హోటల్లో?" అని అడిగింది. అత్తగారు ముఖం ముడుచుకుని లోపలికొచ్చి, "నువ్వు చూసేది మనుషుల్నా, మెషిన్లనా? ముందు అది తేల్చు తల్లీ" అన్నారు.

మెషిన్లనే. కాకపోతే అవి ఎక్కడున్నాయో ఆమెకూ సరిగ్గా తెలియదు.

అంతకుముందు ఆమె ఒక బీమా ఆఫీసులో మెషిన్ల గదిని చూసుకునేది. ఇనుప అరల్లో బరువైన సర్వర్లు, వేసవిలో కూడా స్వెట్టరు వేసుకోవాల్సినంత ఏసీ, జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. కొత్త సర్వరు కావాలంటే అడిగి, అడిగి, అది లారీలో దిగేదాకా ఆగి, నలుగురు పట్టి అరలోకి ఎక్కించాల్సి వచ్చేది. కొన్నాళ్లకు ఆ ఆఫీసు తన పనంతా క్లౌడ్‌కు మార్చింది. ఎక్కడో ఎవరో కట్టిన పెద్ద భవనాల్లోని కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడమన్నమాట. మొదటిరోజు ఆమె తెర ముందు కూర్చుని మెమరీ ఇంత, డిస్కు ఇంత, ఫలానా ఖండంలో ఉండాలి అని ఎంచుకుని బటన్ నొక్కింది. పక్కన పెట్టుకున్న టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. సముద్రాల అవతల ఒక సర్వరు పుట్టి, తన చిరునామా చెప్పి, రమ్మంది.

దానికి ఒళ్లంటూ లేదు. పెద్ద కంప్యూటరు ఒకదాన్ని భాగాలు చేసి, ఒక్కో భాగాన్నీ విడి మెషిన్‌లా నడుపుతారని ఆమె చదువుకున్నదే. చదివింది కళ్లముందు జరుగుతుంటే మాత్రం చేతుల మీద వెంట్రుకలు లేచాయి. అవసరం లేకపోయినా ఇంకొకటి పుట్టించి చూసింది. అదీ పలికింది.

మామగారు బస్టాండులో ప్రకటనలు చేసేవారు. ఆయన ముఖం తెలిసినవాళ్లు ఊళ్లో తక్కువ, గొంతు తెలియనివాళ్లు లేరు. పదవీ విరమణ చేశాక ఆ గొంతులోనే గడ్డ లేచింది. స్వరపేటిక మొత్తం తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారు. ఆస్పత్రివాళ్లే ఒక డాక్టరమ్మ గురించి చెప్పారు. ఆవిడ ఆపరేషన్‌కు ముందు రోగి గొంతును రికార్డు చేసి దాచిపెడుతుంది. తర్వాత ఆ మనిషి ఫోన్‌లో టైపు చేసిన మాటను కంప్యూటరు అదే గొంతుతో పలుకుతుంది.

డాక్టరమ్మ సంస్థ మొత్తం రెండు గదులు. లోపలి గదిలో గోడలకు దుప్పట్లు కొట్టి మైకు పెట్టారు. మామగారు ఇచ్చిన వాక్యాలన్నీ బస్సు బయల్దేరుతున్నట్టే చదివారు.

"కొంచెం మామూలుగా చదవండి సార్" అంది డాక్టరమ్మ.

"ఇదే నా మామూలు గొంతమ్మా" అన్నారాయన.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఒక సాయంత్రం ఆయన మొదటిసారి ఫోన్‌లో టైపు చేశారు. "ఏమోయ్, ఆ కిటికీ తెరువు" అంది ఫోను. అచ్చం ఆయనే. అత్తగారు వెళ్లి కిటికీ తెరిచి, చాలాసేపు బయటికే చూస్తూ నిలబడిపోయారు. భుజాలు కదులుతుంటే కోడలు దగ్గరికి వెళ్లబోయి ఆగింది.

అయితే ఎండ ముదిరేసరికి రోజూ ఆ గొంతు తడబడి ఆగిపోయేది. కారణం కనుక్కుందామని కోడలు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. గొంతులన్నీ పలికించే కంప్యూటరు డాక్టరమ్మ బల్ల కింద, ఆవిడ చెప్పుల పక్కన ఉంది. వేడెక్కకుండా దానికో టేబుల్ ఫ్యాను పెట్టారు.

"ఇంతమంది గొంతులు ఈ పెట్టెలోనేనా?" అంది కోడలు, నమ్మలేక.

"నాకు గొంతుల సంగతి తెలుసు. పెట్టె సంగతి నీలాంటివాళ్లు చూడాలి. వస్తావా?"

ఇంట్లో మాట కూడా అడక్కుండా ఆమె వస్తానంది. బల్ల కింద పెట్టెను క్లౌడ్‌కు మార్చింది. గొంతులకొక డిస్కు విడిగా పెట్టి, దాని నకళ్లు వేరే దేశంలో ఉంచింది. పలికే పనికి ఒక పెద్ద సర్వరును నిలబెట్టింది. ఎండాకాలం వచ్చింది, పోయింది. గొంతు తడబడలేదు. ఎక్కడెక్కడి ఆస్పత్రులనుంచో జనం రావడం మొదలైంది. సర్వరమ్మ అన్న పేరు అప్పుడే పడింది.

ఇక అసలు సంగతి. ఒకరోజు పొద్దున ఆమె ఇంటినుంచే పనిచేస్తోంది. మామగారు వచ్చి ఫోన్‌ను ఆమె కళ్లముందు ఊపారు. మాట రావడం లేదు. ఆమె తెర చూసింది. అన్ని దీపాలూ పచ్చగానే ఉన్నాయి.

"అంతా బాగానే ఉంది మామయ్యగారూ. ఒకసారి ఫోన్ ఆపి ఆన్ చేయండి."

ఆయన తల అడ్డంగా ఊపారు. అంతలో డాక్టరమ్మ ఫోన్ చేసింది. "అందరివీ ఆగిపోయాయి! ఒక పంతులుగారు క్లాసులో నిలబడి ఉన్నారట, పిల్లలు చూస్తున్నారట. ఆస్పత్రిలో ఒకామె నర్సును పిలవలేకపోతోంది. ఏమైందమ్మా?"

తెరమీది పచ్చదీపాలు సర్వరు మేలుకుని ఉందా అని మాత్రమే చూస్తాయి. మేలుకునే ఉంది. నోరే పెగలడం లేదు. లోపలికి లాగిన్ అయి చూస్తే ఒకటే మాట: సర్వరు సొంత డిస్కులో చోటు లేదు. సరే, ఎంత నిండిందా అని చూసింది. సగానికి పైగా ఖాళీ! సర్వరును ఆపి మళ్లీ లేపింది. లేచింది, మళ్లీ అదే మాట.

ఖాళీగా ఉన్న డిస్కు నిండిపోయానని ఎందుకు అంటుంది? కుర్చీలో వెనక్కి వాలి, ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. డిస్కులో ప్రతి ఫైలుకూ లోపల ఒక సంఖ్య కేటాయిస్తారు. మొత్తం ఎన్ని సంఖ్యలుండాలో డిస్కును సిద్ధం చేసినప్పుడే నిర్ణయమైపోతుంది. చోటున్నా సంఖ్యలు అయిపోతే కొత్త ఫైలు పుట్టదు. చూసింది. ఒక్క సంఖ్య మిగల్లేదు.

ఏ ఫోల్డరో పట్టుకోవడం కష్టం కాలేదు. ఎవరు ఏ మాట టైపు చేసినా సర్వరు ముందు దాన్ని ఒక చిన్న ఫైలుగా పలికి, ఫోన్‌కు పంపి, ఆనక తుడిచేయాలి. ఆమధ్య ప్రోగ్రాము మార్చినప్పుడు ఫైళ్లు పడే ఫోల్డరు మారింది. వాటిని తుడిచే ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు. అది బుద్ధిగా పాత ఫోల్డరునే ఊడుస్తోంది.

కొత్త ఫోల్డరులో ఏముందో చూపించమంది. తెరమీద వరసలు మొదలయ్యాయి. ఆగడం లేదు. ఒక్కో వరస ఎవరో ఎప్పుడో అన్న మాట. ఏ మాటో తెలియదు, ఎంత పొడవో తెలుస్తుంది. అన్నీ చిన్నవే. ఊపిరి తీసేంతలో అయిపోయే మాటలు. ఉపన్యాసాలు కాదు, కథలు కాదు. ఎవరినో పిలవడానికో, ఊ కొట్టడానికో, ఇలా రా అనడానికో మాత్రమే సరిపోయేవి. లక్షలూ లక్షలు. మనుషులు రోజంతా ఒకరితో ఒకరు ఇంత చిన్న మాటలతోనే బతుకుతున్నారా! పని మరిచి ఆమె అలాగే చూస్తుండిపోయింది.

"అమ్మా, ఉన్నావా?" అంది ఫోన్‌లో డాక్టరమ్మ.

"ఉన్నానండీ. ఏమైందో తెలిసింది. వీటిని తుడుస్తూ కూర్చుంటే చాలాసేపు పడుతుంది. ఇంకో సర్వరును పుట్టిస్తాను."

"ఇప్పటికిప్పుడా?"

"ఇప్పటికిప్పుడే."

సర్వరు నమూనా ఆమె ముందే తీసి దాచింది. దాన్నుంచి, గొంతుల నకళ్లున్న దేశంలోనే, కొత్తదాన్ని లేపింది. తుడిచే ప్రోగ్రాముకు సరైన ఫోల్డరు చూపింది. గొంతుల నకళ్లున్న డిస్కును తగిలించింది. వచ్చిన పిలుపులన్నీ ఇకనుంచి అక్కడికి వెళ్లాలని దారి మళ్లించింది. ఇక చేతిలో పని లేదు. చూడడమే.

తెరమీద ఒక వరస కదిలింది. ఎవరో, ఎక్కడో, ఒక మాట. ఇంకొకటి. తర్వాత వాన అందుకున్నట్టు వరసల మీద వరసలు. ఏ ఇంట్లో ఎవరు ఎవరితో ఏమంటున్నారో ఆమెకు తెలియదు. కానీ ఇంతసేపూ మూగబోయిన ఇళ్లన్నిట్లో ఒక్కసారిగా గొంతులు లేస్తున్నాయని తెలుసు.

పక్కగదిలో మామగారి ఫోన్ అందుకుంది. పొద్దుటినుంచీ ఆయన టైపు చేసినవన్నీ అందులో పోగుపడి ఉన్నాయి. "ఏమోయ్, టీ ఇస్తావా? ఏమోయ్. ఏమోయ్, వినబడుతోందా? మాట్లాడవేం? దిక్కుమాలిన ఫోను. దిక్కుమాలిన ఫోను. ఏమోయ్!" బస్టాండంతా వినిపించే గొంతుతో గుక్కతిప్పుకోకుండా సాగింది.

"అయ్యో రామా, ఆపండి! ఇరుగూపొరుగూ వస్తారు!" అత్తగారు నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నారు. ఆయన ఫోన్‌ను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, చివరిదాకా అననిచ్చారు.

పాత సర్వరును తీసేసే ముందు డాక్టరమ్మ అడిగింది. "ఆ ఫైళ్లు ఒకటి రెండు విన్నావా?"

"లేదండీ. వాళ్ల మాటలు వాళ్లవి."

అన్నీ తుడిచేసింది. తర్వాత పచ్చదీపాల పద్ధతి మార్చింది. సర్వరు మేలుకుని ఉంటే చాలదు, నిమిషానికోసారి తనంతట తాను ఒక మాట పలికి చూపాలి. ఏ మాట పెడదామంటే డాక్టరమ్మ "ఉన్నాను" అని పెట్టమంది.

మరుసటి ఏడాది క్లౌడ్ కంపెనీవాళ్లు తమ భవనాల్లో ఒకటి చూడటానికి కొందరిని పిలిచారు. ఆమె వెళ్లింది. కిటికీల్లేని పొడుగాటి కట్టడం, చుట్టూ కంచె. లోపలికి వెళ్లేముందు చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు ఇచ్చారు. తలుపు తీయగానే ఫ్యాన్ల హోరు జలపాతంలా మీద పడింది. కనుచూపు మేర అరలు, అరల్లో మినుకుమనే దీపాలు. ఆ హోరులో మనిషి మాట మనిషికి వినబడదు. అక్కడి ఉద్యోగులు సైగలతో, పెదవుల కదలికలతో పని జరుపుకుంటున్నారు.

చూపించేవాడి చెవి దగ్గరికి వంగి ఆమె గట్టిగా అరిచింది. "మాది ఎక్కడుంది?"

అతను నవ్వి చేతులు రెండూ చాపి గదంతా చూపించాడు. ఇక్కడైనా ఉండొచ్చు, అక్కడైనా ఉండొచ్చు, ఇంకో ఊళ్లోనైనా ఉండొచ్చు.

ఆమె దగ్గరున్న ఒక అర తలుపు మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా, సన్నగా అదురుతోంది. జనం ముందుకు సాగిపోయినా కాసేపు చెయ్యి తియ్యలేదు.